డిస్లెక్సియా ఉన్న పిల్లల చదువుకు మీ కుటుంబం తరఫున సాయం చేయాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కుటుంబం తరఫున ఏదైనా చేయాలనుకుని ఫోన్ చేసేవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మాదీ చిన్న కుటుంబ ట్రస్టే. ఇందులో చాలా సంగతులు మాకు తప్పులు చేశాకే తెలిశాయి, ఆ తప్పుల్నీ దాచలేదు. దేనికది విడిగా చదువుకునేలా రాశాను కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

డిస్లెక్సియా అంటే అసలేమిటి? తెలివి తక్కువా, బద్ధకమా?

రెండూ కాదు. మాటలోని ధ్వనుల్ని విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో జత చేయడం ఈ పిల్లలకు కష్టం. అందుకే చదవడం నెమ్మదిగా, తప్పులతో సాగుతుంది. స్పెల్లింగు నిలవదు. చెబితే మాత్రం ఇట్టే అర్థం చేసుకునేవాళ్ళు చాలామంది.

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక వైద్య పత్రికలో 14 ఏళ్ళ కుర్రాడి గురించి రాశాడు. పేరు పెర్సీ. ఆటల్లో చురుకు. 749ని 867తో గబగబా తప్పు లేకుండా గుణించేశాడు. కానీ తన పేరు రాయమంటే ‘ప్రెసీ’ అని రాశాడు, ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి చూపిస్తే తప్ప తప్పు కనిపెట్టలేకపోయాడు. చదువంతా నోటితోనే చెబితే బళ్ళో వీడే ముందుంటాడని వాళ్ళ మాస్టారు అనేవాడట. బళ్ళలో ఇప్పటికీ ఇదే మాట వింటున్నాం, కాకపోతే చివర్లో “కొంచెం శ్రద్ధ పెడితే” అని తగిలిస్తారు.

ఇంతకంటే పెద్ద కష్టాల్లో ఉన్న పిల్లలున్నారు కదా, వీళ్ళకే ఎందుకివ్వాలి?

ఎవరి కష్టం పెద్దదో తూచడం మన పని కాదు గానీ, ఈ కష్టం పైకి కనిపించదన్నది నిజం. అందుకే డబ్బు ఇటువైపు తక్కువగా వస్తుంది. పిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి డిస్లెక్సియా ఉంటుందనే అంచనా ఎక్కువగా వినిపిస్తుంది. 20 శాతం దాకా చెప్పేవాళ్ళూ ఉన్నారు, గీత ఎక్కడ గీస్తామన్న దాన్నిబట్టి అంకె మారుతుంది. తక్కువ అంచనా పట్టుకున్నా 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరు.

ఆలస్యం చేస్తే దానంతటదే సర్దుకోదు. కోనీ జూయెల్ అనే పరిశోధకురాలు ఒక బడిలో 54 మంది పిల్లల్ని ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గమనించి 1988లో ఫలితాలు ప్రచురించారు. ఒకటో తరగతి చివర్లో చదవడంలో వెనకబడ్డ పిల్లలు నాలుగో తరగతి చివర్లోనూ అలాగే ఉండే అవకాశం 88 శాతమని తేలింది. “పెద్దయితే అదే వస్తుందిలే” అనే మాటకు ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు.

మా అబ్బాయికే డిస్లెక్సియా. ఆ బాధలోంచి ట్రస్టు పెట్టడం సరైన కారణమేనా?

ఈ రంగంలో చాలా కుటుంబాలు ఈ దారిలోనే వచ్చాయి. అమెరికాలో షేర్ల వ్యాపారంలో పేరున్న చార్లెస్ ష్వాబ్‌కు తన కొడుక్కి పరీక్షలు చేయించాకే తనకూ డిస్లెక్సియా ఉందని తెలిసింది. అప్పటికాయన నడివయసులో ఉన్నాడు. 1980ల చివర్లో ఆయనా, భార్య హెలెన్ కలిసి తల్లిదండ్రులకు ఈ విషయంలో దారి చూపించే పని మొదలుపెట్టారు. తాము తడుముకున్న చోటే దీపం పెట్టారన్నమాట.

ఒక జాగ్రత్త. మీ అబ్బాయికి పనికొచ్చింది అందరికీ పనికొస్తుందనుకోకండి. మీరు వారానికి ఐదు రోజులు ట్యూటర్ని పెట్టగలిగారు, కారులో తీసుకెళ్ళగలిగారు. మీరు సాయం చేయబోయే ఇంట్లో అవేవీ ఉండకపోవచ్చు. ఇంకోటి: ట్రస్టుకు పిల్లాడి పేరో ఫొటోనో పెట్టే ముందు వాణ్ణి అడగండి. ఎనిమిదేళ్ళప్పుడు సరే అన్నా, పదిహేనేళ్ళప్పుడు మళ్ళీ అడగండి.

మా ఇంట్లో ఎవరికీ లేదు. బయటివాళ్ళం, మాకేం తెలుస్తుంది?

తెలుసుకోవడానికి ఒక నెల చాలు. ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పే టీచరు, అంటే స్పెషల్ ఎడ్యుకేటర్, అనుమతిస్తే నాలుగు క్లాసులు వెనక కూర్చుని చూడండి, డిస్లెక్సియాతో పెరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళతో మాట్లాడండి. సొంత కథ లేకపోవడం ఒకరకంగా మంచిదే, మీ అనుభవాన్ని అందరి మీదా రుద్దరు.

పెద్ద మొత్తం లేదు. చిన్న డబ్బుతో అయ్యే పనేమైనా ఉందా?

ఉంది. ఒక చిన్న లెక్క చూడండి. జోసెఫ్ టోర్గెసెన్ అనే పరిశోధకుడి బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో 8 నుంచి 10 ఏళ్ళ పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా 67.5 గంటలు పాఠం చెప్పారు. చదవడంలో బాగా వెనకబడిన పిల్లలు వాళ్ళు. తప్పుల్లేకుండా చదవడంలో వాళ్ళ మెరుగుదల స్పష్టంగా కనిపించింది. అదే మోతాదు 12 మందికి ఇవ్వాలంటే 810 గంటలు. ఒక టీచరు రోజుకు నాలుగు గంటలు ఇలా ఒక్కొక్కరికీ చెబితే సుమారు 200 రోజులు, అంటే ఒక విద్యా సంవత్సరం.

కాబట్టి మీ డబ్బుకు అర్థమయ్యే కొలత ‘ఒక టీచరు, ఒక ఏడాది’. ఆ టీచరు శిక్షణ ఖర్చు, జీతం, అక్షరాల కార్డులు, చిన్న గది. ఇద్దరు ముగ్గురు బంధువులు కలిస్తే మోయగలిగిన బరువే ఇది.

ముందు ట్రస్టు రిజిస్టర్ చేయించాలా?

తొందరేం లేదు. మొదటి రెండేళ్ళు ఇప్పటికే పనిచేస్తున్న సంస్థకు ఇస్తూ చూడండి. మీకు ఈ పని నిజంగా నచ్చిందో లేదో అప్పటికి తెలుస్తుంది. పన్నులు, రిజిస్ట్రేషన్ నియమాలు దేశాన్నిబట్టి మారతాయి కాబట్టి ఆ ముక్క ఆడిటర్‌నే అడగాలి.

## డబ్బు ఎక్కడ పెట్టాలి

ముందు స్క్రీనింగ్ క్యాంపులు పెడదామనుకుంటున్నాం. సరేనా?

మేం చేసిన మొదటి తప్పు అదే. మొదటి ఏడాది డబ్బంతా ఎవరికి డిస్లెక్సియా ఉందో కనిపెట్టే పరీక్షలకే పెట్టాం. బడి ఆవరణలో షామియానా వేశాం, సైకాలజిస్టుల్ని పిలిపించాం, వరసగా టేబుళ్ళు. సాయంత్రానికి బోలెడు పేర్లు తేలాయి. ఫొటోలు కూడా బాగా వచ్చాయి. తర్వాత నెలలో ఇళ్ళకు రిపోర్టులు పంపాం. ఏడాది తిరిగాక ఒకావిడ మా ఆఫీసుకొచ్చింది. రిపోర్టు నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, బీరువాలో దాచి తెచ్చింది. “దీంతో ఏం చెయ్యాలమ్మా?” అంది. ఆ ఊళ్ళో ఆ పిల్లాడికి పాఠం చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. రిపోర్టు వల్ల జరిగిందల్లా ఒకటే, బళ్ళో వాడికి కొత్త పేరు వచ్చింది.

అప్పట్నుంచి వరస తిరగేశాం. ముందు టీచరు, తర్వాత పరీక్ష. టీచరు ఎంతమందికి చెప్పగలదో అంతమందికే అసెస్‌మెంట్. అసలు రిపోర్టు లేకుండానే, చదవడంలో వెనకబడ్డ చిన్నపిల్లలందరికీ పాఠం మొదలుపెట్టేసినా నష్టం లేదు. డిస్లెక్సియా లేని పిల్లాడికి కూడా ఆ పాఠం వల్ల చెడు జరగదు.

ఏ పద్ధతిలో నేర్పేవాళ్ళకు ఇవ్వాలి? పేర్లు చాలా వినిపిస్తున్నాయి.

పేరు కంటే లోపలేముందో చూడండి. ఎక్కువగా వినిపించే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి 1930లలో పుట్టింది. నరాల వైద్యుడు, మానసిక వైద్యుడు అయిన శామ్యూల్ ఆర్టన్, విద్యావేత్త అన్నా గిల్లింగ్‌హామ్ పేర్లు కలిపి అలా పిలుస్తారు. దాని వారసులు ఇప్పుడు చాలా ఉన్నాయి. మంచివాటిలో ఉమ్మడిగా కనిపించేవి ఇవి: ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని విడమరిచి చెప్పడం, తేలికైన దాన్నుంచి కష్టమైన దానికి ఒక క్రమంలో వెళ్ళడం, నిన్నటిది ఈరోజు మళ్ళీ తిరగేయడం, పిల్లాడు పట్టుకునేదాకా ముందుకు పోకపోవడం.

నేను చూసిన ఒక క్లాసు చెబుతాను. తొమ్మిదేళ్ళ పాప. టీచరు ‘పలక’ అని, “మొదటిది తీసేసి చెప్పు” అంది. పాప పైకప్పు వైపు చూసింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. నేనైతే ఈపాటికి అందించేసేదాన్ని. టీచరు అందించలేదు. మూడు రంగుబిళ్ళలు బల్ల మీద పెట్టింది. ఒక్కోదాన్నీ తాకుతూ ప, ల, క అంది, మొదటి బిళ్ళ పక్కకు జరిపింది. “లక” అంది పాప. తర్వాత ఇసుక పళ్ళెంలో వేలితో ‘ల’ రాస్తూ పైకి పలికింది. అరగంటలో నాలుగు మాటలయ్యాయి. ఫొటో తీసి దాతలకు పంపడానికి అక్కడేమీ లేదు. మీ డబ్బు వెళ్ళాల్సింది ఆ అరగంటకే.

పుస్తకాలు చుట్టూ పేర్చి “చదువుతూ ఉంటే అదే వస్తుంది” అనేవాళ్ళకూ, ‘21 రోజుల్లో డిస్లెక్సియా మాయం’ అనేవాళ్ళకూ ఇవ్వకండి.

ట్యాబ్లెట్లు, సాఫ్ట్‌వేర్ కొనిస్తే త్వరగా రాదా?

చదవడం నేర్పేది టీచరు. ట్యాబ్లెట్ ఆ పక్కన వేరే పని చేస్తుంది: సైన్సు పాఠం చదవలేని పిల్లాడు దాన్ని వింటాడు, క్లాసుకు వెనకబడడు. ఆ పనికైతే ఆడియో పుస్తకాల మీద ఖర్చు చాలా మంచిది.

దీనికి పాత చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు కాలేజీ చదువులు చదువుకోవాలని 1948లో న్యూయార్క్‌లో యాన్ మెక్‌డొనాల్డ్ పాఠ్యపుస్తకాలు రికార్డు చేయించడం మొదలుపెట్టింది. ఆ సంస్థ తర్వాత డిస్లెక్సియా ఉన్నవాళ్ళకూ తలుపు తీసింది, ఇప్పుడు లెర్నింగ్ అలై పేరుతో నడుస్తోంది. కాపీరైట్ సంగతి కూడా కొంత తేలికైంది. 2013లో కుదిరి 2016లో అమల్లోకొచ్చిన మరాకేష్ ఒప్పందం అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసం వాళ్ళకు వీలైన ప్రతులు తయారు చేయనిస్తుంది. చూపు లేనివాళ్ళతోపాటు చదవడంలో వైకల్యం ఉన్నవాళ్ళూ అందులోకి వస్తారు. మీ దేశం అందులో చేరిందో లేదో మాత్రం చూసుకోండి.

కొన్న పరికరాలు బీరువాలోంచి బయటికొస్తున్నాయా అని ఆర్నెల్లకోసారి వెళ్ళి చూడండి. ఛార్జింగ్ పెట్టే ప్లగ్గు లేక మూలపడ్డవి నేను చూశాను.

రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు, ప్రత్యేక ఫాంటు... వీటికి ఇవ్వొచ్చా?

వద్దు. అమెరికాలోని పిల్లల డాక్టర్ల అకాడమీ, కంటి డాక్టర్ల అకాడమీ కలిసి 2009లో ఒక ప్రకటన చేశాయి. డిస్లెక్సియా కంటి జబ్బు కాదు, కంటి వ్యాయామాలకూ రంగు అద్దాలకూ శాస్త్రీయమైన ఆధారం లేదు అన్నది దాని సారాంశం. చూపులో దోషముంటే కళ్ళజోడు పెట్టించాల్సిందే, అది వేరే సంగతి. ఫాంట్ల విషయంలో, అక్షరాల మధ్యా మాటల మధ్యా ఖాళీ పెంచితే కొందరికి చదవడం తేలికవుతుంది. మామూలు ఫాంటులోనే ఆ ఖాళీ పెంచుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ప్రత్యేకంగా ఒక బడి కట్టిస్తే ఎలా ఉంటుంది?

బిల్డింగు మీద తాతగారి పేరు బాగుంటుంది. నా మాట అడిగితే వద్దనే అంటాను. బడి కట్టడం ఒక్కసారి ఖర్చు, నడపడం ఏటేటా. కట్టినవాళ్ళు ఎక్కువగా రెండోది మర్చిపోతారు. పైగా ఈ పిల్లల్లో ఎక్కువమంది మామూలు బళ్ళలోనే ఉన్నారు, అక్కడే ఉండాలి కూడా. ఆ బళ్ళో ఒక గది, ఒక మంచి టీచరు దొరికితే పిల్లాడికి స్నేహితులు దూరం కారు.

పిల్లలకు స్కాలర్‌షిప్పులు మంచిదా, బడికి ఇవ్వడం మంచిదా?

మంచి టీచరు దగ్గర్లో ఉండి ఫీజు కట్టలేకపోతుంటే స్కాలర్‌షిప్పు. టీచరే లేకపోతే స్కాలర్‌షిప్పు చేతిలో పెట్టినా వెళ్ళేందుకు చోటు లేదు. ఫీజు ఇచ్చేటప్పుడు రానుపోను బస్సు ఖర్చు కలపండి. చాలామంది మానేసేది అక్కడే.

మా పిల్లలు చదివేది ఇంగ్లీషు కాదు. ఆ పద్ధతులు పనికొస్తాయా?

మూలసూత్రం పనికొస్తుంది, పాఠం మాత్రం మీ భాషలో కొత్తగా రాసుకోవాలి. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్ మాట్లాడే డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్ళను పోల్చి చూశారు. మూడు భాషలవాళ్ళ మెదడులోనూ తేడా ఒకే చోట కనిపించింది. కానీ ఇటాలియన్లు మిగతావాళ్ళకంటే బాగా చదివారు, ఎందుకంటే ఆ భాషలో రాసింది రాసినట్టే పలుకుతారు.

తెలుగులోనూ దాదాపు అంతే, పలికినట్టే రాస్తాం. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగు గొడవ మనకు లేదు. బదులుగా గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు గుర్తుపెట్టుకోవాలి. ‘మ’, ‘య’ పక్కపక్కన పెడితే తడబడే పిల్లలున్నారు. ‘వ’కు పైన తలకట్టు విడిపోతే ‘ప’, ఆ ‘ప’కు పొట్టలో గీత వస్తే ‘ష’. ఇంగ్లీషు కార్డుల్ని అనువదించి పంచడం వల్ల ఇవేవీ తీరవు. మీ భాషలో పాఠ్యక్రమం తయారు చేయించడానికి డబ్బిస్తే అది మీ తర్వాత కూడా వాడుకలో ఉంటుంది.

## పిల్లలు, తల్లిదండ్రులు, బడి

పిల్లల్ని ఎలా ఎంచుకోవాలి?

టీచర్లను పేర్లిమ్మంటే ఎక్కువగా మగపిల్లల పేర్లే వస్తాయి. క్లాసులో అల్లరి చేసేవాళ్ళు కళ్ళలో పడతారు కదా. అమెరికాలో షేవిట్జ్ అనే పరిశోధక దంపతుల బృందం 1990లో ఇది బయటపెట్టింది. బడి గుర్తించినవాళ్ళలో మగపిల్లలు చాలా ఎక్కువ, కానీ అందరికీ తామే పరీక్ష చేసి చూస్తే ఆడపిల్లల సంఖ్యకూ మగపిల్లల సంఖ్యకూ పెద్ద తేడా లేదు. వెనక బెంచీలో నోరెత్తకుండా పక్కమ్మాయి నోట్సు దించుకునే పిల్ల పేరు ఎవరూ చెప్పరు. అందుకే తరగతి మొత్తానికీ ఒక చిన్న చదివే పరీక్ష పెట్టించండి.

‘తెలివైనవాళ్ళకే’ అని షరతు పెట్టకండి. చదవడంలోని ఈ ఇబ్బంది ఏ ఐక్యూ ఉన్నవాళ్ళకైనా రావచ్చు.

తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు. ‘మావాడికేం కాలేదు’ అంటున్నారు. ఏం చేయాలి?

వాళ్ళను తప్పు పట్టకండి. ‘డిసెబిలిటీ’ అన్న మాట వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. రోగం పేరు పక్కనపెట్టి, “మీవాడికి చదవడంలో రోజూ అరగంట విడిగా సాయం చేస్తాం” అని మొదలుపెట్టి చూడండి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. తల్లికో తండ్రికో డిస్లెక్సియా ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం సగానికి దగ్గరగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే మీ ఎదురుగా కూర్చున్న తండ్రికి మీరిచ్చిన నాలుగు పేజీల ఫారం చదవడం కష్టం కావచ్చు. “కళ్ళజోడు మర్చిపోయానండీ” అంటే వెంటనే ఫారం మీరే తీసుకుని పైకి చదవండి, మామూలు విషయంలా. మేం ఫారాన్ని ఒక్క పేజీకి కుదించి, అందరికీ చదివి వినిపించడమే పద్ధతిగా పెట్టుకున్నాం.

పిల్లల ఫొటోలు, కథలు దాతలకు చూపించొచ్చా?

మేం చూపించం. ఇవాళ్టి ఫొటో పదేళ్ళ తర్వాత వాడు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కూడా ఇంటర్నెట్లో ఉంటుంది. ముఖం లేకుండా పని చూపించొచ్చు: జనవరిలో రాసిన పేజీ, నవంబరులో రాసిన పేజీ పక్కపక్కన పెట్టండి, పేరు కొట్టేయండి. అసెస్‌మెంట్ రిపోర్టు సొంతదారులు తల్లిదండ్రులే. దాత కుటుంబానికి దాని కాపీ అక్కర్లేదు.

క్లాస్ టీచర్లు సహకరించకపోతే?

వాళ్ళ మీద ఇప్పటికే బోలెడు పని. ఒకరోజు వర్క్‌షాపు పెట్టి, ఉపన్యాసం ఇచ్చి, సర్టిఫికెట్ పంచితే మర్నాటికి అంతా మామూలే. మీ స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికోసారి తరగతిలోనే పక్కన నిలబడి సాయం చేస్తే వాళ్ళే దగ్గరవుతారు. వాళ్ళను అడగాల్సినవి రెండే: చదవలేని పిల్లాణ్ణి అందరి ముందూ లేపి చదివించొద్దు, బోర్డు మీది హోంవర్కు ఫొటో తీసుకోనివ్వండి.

పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైమ్, రాసిపెట్టే మనిషిని ఇప్పిస్తే చాలదా?

అవి పిల్లాడి హక్కు, తప్పకుండా ఇప్పించాలి. కానీ వాటివల్ల చదవడం రాదు. పరీక్ష మూడు గంటలు, బతుకంతా మందు సీసా మీది లేబులూ బ్యాంకు కాయితమూ ఉంటాయి. సర్టిఫికెట్ తెప్పించగానే పని అయిపోయిందని పాఠాలు మానిపించే తల్లిదండ్రులున్నారు, మొదటే ఈ మాట చెప్పేయండి.

## పని నడుస్తున్నప్పుడు

ఫలితం ఎలా కొలవాలి?

మూడు నాలుగు నెలలకోసారి ఇవి చూస్తే చాలు. వారానికి నిజంగా ఎన్ని నిమిషాల పాఠం జరిగింది, పిల్లాడు ఎన్ని రోజులొచ్చాడు, ముందెప్పుడూ చూడని పేరా ఇస్తే నిమిషానికి ఎన్ని మాటలు సరిగ్గా చదివాడు. పేరా కొత్తదై ఉండాలి. ఈ పిల్లలు బట్టీ పట్టడంలో దిట్టలు, లేకపోతే ఇన్నాళ్ళు క్లాసులో నెట్టుకురాలేరు.

అర్థం లేని మాటలు చదివించడం నాకు ఇష్టమైన పరీక్ష. ‘గలిపు’, ‘టమిరు’, ‘నోడక’. ఊహించడానికి వీల్లేదు, గుర్తుండే అవకాశం లేదు. అక్షరం చూసి ధ్వని పలకడం వస్తేనే చదవగలరు. మొదటిసారి వీటిని చదివినప్పుడు పిల్లలు నవ్వుతారు, చదువుతూ నవ్వడం చాలామందికి అదే మొదటిసారి.

ఏడాదైంది, మార్కులు పెరగలేదు. డబ్బు వృథా అయినట్టేనా?

మార్కులు చివర కదులుతాయి. ముందు తప్పులు తగ్గుతాయి, వేగం చాలా కాలం వెనకే ఉంటుంది. నేను మెచ్చుకునే 2001 నాటి టోర్గెసెన్ అధ్యయనంలోనూ పిల్లలు సరిగ్గా చదవగలిగారు గానీ వేగంలో తోటివాళ్ళను అందుకోలేదు. అందుకని ఏడాదికే మార్కులు చూసి డబ్బు ఆపేయకండి. అయితే ఆర్నెల్లయినా తప్పులు కూడా తగ్గకపోతే పాఠం ఎలా జరుగుతోందో వెళ్ళి చూడాల్సిందే. వారానికి ఒక్క రోజు, ఎనిమిదిమంది కలిసి కూర్చుంటే ఎంత మంచి పద్ధతైనా పనిచేయదు.

శిక్షణ ఇప్పించిన టీచరు మధ్యలో మానేసింది. ఎలా?

మానేస్తారు. మీ దగ్గర నేర్చుకున్న పని బయట ఎక్కువ జీతం తెస్తుంది. బాండ్ల మీద సంతకాలు పెట్టించే బదులు జీతం సరిగ్గా ఇవ్వండి. ఎప్పుడూ ఇద్దరికి కలిపి శిక్షణ ఇప్పించండి, ఒకరు వెళ్ళినా పిల్లల పాఠం ఆగదు. వెళ్ళినావిడ వేరే చోట ఇంకో పన్నెండుమందికి చెబుతుంది, అది నష్టం పద్దులో రాసుకోనక్కర్లేదు.

ప్రతి నెలా రిపోర్టు అడగడం తప్పా?

నెలనెలా వద్దు, ఏడాదికి రెండుసార్లు చాలు. మీకు రిపోర్టు రాసే సాయంత్రం ఆ టీచరు రేపటి కార్డులు కోసుకోవాల్సిన సాయంత్రం.

## కుటుంబం లోపల

అన్నదమ్ముల మధ్య అభిప్రాయభేదాలొస్తున్నాయి. ఒకరు హాస్పిటల్ అంటారు, ఒకరు ఇది అంటారు.

అందరికీ నచ్చేలా సర్దుదామని పంచితే ఎక్కడా పని జరిగేంత మిగలదు. మూడేళ్ళకు ఒక పని అనుకోండి, ఎంత ఇస్తారో మొదటే కాయితం మీద రాసుకోండి. మీటింగులో బయటి మనిషి ఒకరుండేలా చూసుకోండి, వీలైతే డిస్లెక్సియాతో పెరిగి పెద్దయినవాళ్ళు. ఇంట్లోవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకోలేని మాట వాళ్ళు సులువుగా అనేస్తారు.

‘డిస్లెక్సియా ఉన్నవాళ్ళు మేధావులవుతారు’ అని ప్రచారం చేయొచ్చా?

పెద్ద పెద్ద పేర్లు గోడ మీద అంటించడం అలవాటైపోయింది. వాటిలో కొందరు చనిపోయి శతాబ్దాలైంది, వాళ్ళకు పరీక్ష చేసిందెవరు? పిల్లలకు ఇదీ ఒక టెన్షనే: చదవడమూ రాలేదు, మేధావీ కాలేదు. నెమ్మదిగా చదివే మామూలు మెకానిక్కో నర్సో వచ్చి పిల్లలతో ఒక గంట కూర్చుంటే వాళ్ళు అడిగే ప్రశ్నలే వేరు. ఒక పిల్లాడు అలా వచ్చినాయన్ని అడిగాడు, “మీరు ఇప్పటికీ తప్పులు రాస్తారా?” “రోజూ,” అన్నాడాయన.

మా పిల్లల్ని కూడా ఇందులోకి తేవాలా?

పిలవండి, బలవంతం చేయకండి. చెక్కు ఇస్తూ ఫొటో దిగడానికి కాకుండా, ఒక పాఠ్యపుస్తకం పైకి చదివి రికార్డు చేసే పని ఇవ్వండి. రెండు పేజీలు తడబడకుండా చదవడం ఎంత కష్టమో వాళ్ళకే తెలుస్తుంది.

## ఆపేటప్పుడు

ఎన్నేళ్ళు ఇవ్వాలి?

ఒక పిల్లాణ్ణి తీసుకుంటే కనీసం రెండు మూడేళ్ళు. ఒక బడితో పని చేస్తే కనీసం ఐదేళ్ళు, ఎందుకంటే మొదటి ఏడాది టీచరు నేర్చుకోవడానికే పోతుంది. అంతకాలం ఇవ్వగలమన్న నమ్మకం లేకపోతే పిల్లల్ని తగ్గించుకోండి, ఏళ్ళను తగ్గించకండి.

వ్యాపారం దెబ్బతింది, ఇవ్వడం ఆపాల్సి వస్తోంది. ఎలా చెప్పాలి?

తెలిసిన రోజే చెప్పండి. సంస్థకు ఒక విద్యా సంవత్సరం ముందు తెలిస్తే వాళ్ళు ఇంకో దాతను వెతుక్కుంటారు. మొత్తం ఆపేసేకంటే కొత్త పిల్లల్ని తీసుకోవడం ఆపి, ఉన్నవాళ్ళ పాఠాలు పూర్తయ్యేదాకా ఇవ్వడం మేలు. పిల్లలకు టీచరే చెప్పాలి, మీరు కాదు. చివరి క్లాసులో ఒక్కొక్కరికీ వాళ్ళ అక్షరాల కార్డుల పెట్టె, ఎక్కడిదాకా వచ్చారో రాసిన ఒక పేజీ ఇచ్చి పంపండి. తర్వాత పాఠం చెప్పబోయేవాళ్ళు మళ్ళీ ‘అ’ నుంచి మొదలుపెట్టకుండా ఆ పేజీ దగ్గర్నుంచి అందుకుంటారు.